12 గేజ్, 28 గేజ్ షెల్స్: ఇంట్లో రీలోడ్ చేసుకోవాలా, ఫ్యాక్టరీవే కొనుక్కోవాలా?

ట్రాప్_25

నేను షాట్‌గన్‌తో కాల్చేది క్లే టార్గెట్లు (గాల్లోకి విసిరే బిళ్ళలు) మాత్రమే, వేట లేదు. ఎక్కువగా 12 గేజ్ (బారెల్ లావు కొలత, అంకె పెరిగితే బారెల్ సన్నం), 2¾ అంగుళాల షెల్, ఒక ఔన్సు షాట్ (సీసపు గుండ్లు), 8 నంబరు (గుండు సైజు, అంకె పెరిగితే గుండు చిన్నది). ఇప్పుడు స్కీట్ (ట్రాప్ లాగే క్లే టార్గెట్ ఆటలో ఒక రకం) కోసం 28 గేజ్ కూడా మొదలుపెడుతున్నాను. లైసెన్సు, రీలోడింగ్‌కి (కాల్చిన షెల్‌ని మళ్ళీ నింపడానికి) కావలసిన అనుమతి రెండూ ఉన్నాయి కాబట్టి ఆ చర్చ ఇక్కడ వద్దు.

కాల్చిన ఖాళీ హల్స్ (షెల్ పైగొట్టాలు) రెండు పెద్ద సంచుల నిండా ఉన్నాయి. రెమింగ్టన్ ఎస్‌టీఎస్, వించెస్టర్ ఏఏ, ఫియోచీ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వీటిని పారేయాలంటే మనసొప్పడం లేదు. అడగాలనుకున్నవి ఇవి: నిజంగా డబ్బు మిగులుతుందా, మిగిలితే ఏ గేజ్‌లో? ఒక్కో షెల్ చేసే ప్రెస్ (షెల్ నింపే యంత్రం) తీసుకోవాలా, ఒకేసారి చాలా షెల్స్ మీద పని నడిచే ప్రోగ్రెసివ్ తీసుకోవాలా? పౌడర్ (తుపాకీ మందు) కంపెనీ చార్టులో ఒక ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న టోపీ) పేరుంది, దొరికేది వేరే ప్రైమర్. రెండూ 209 సైజే కదా, వేసేయొచ్చా? చివరగా, ఒక సెమీ ఆటో (తర్వాతి షెల్ తనే ఎక్కించుకునే తుపాకీ), ఒక ఓవర్ అండర్ (ఒకదానిమీదొకటి రెండు బారెళ్ళున్నది) ఉన్నాయి. రెండింటికీ ఒకే లోడ్ (షెల్‌లో నింపే కొలత) సరిపోతుందా?

గ్రెయిన్_స్కేల్

ముందు డబ్బు సంగతి. ధరలు రోజూ మారతాయి కాబట్టి ధరలు చెప్పను, లెక్క వేసే పద్ధతి చెప్తాను.

ఒక పౌండుకి 16 ఔన్సులు. షాట్ బస్తా మామూలుగా 25 పౌండ్లు, అంటే 400 ఔన్సులు. ఒక ఔన్సు లోడ్ అయితే బస్తాకి సరిగ్గా 400 షెల్స్ వస్తాయి. 1⅛ ఔన్సు అయితే 355కి పడిపోతాయి, ⅞ ఔన్సు అయితే 457కి పెరుగుతాయి. 28 గేజ్‌లో మామూలు లోడ్ ¾ ఔన్సు, దానికి 533. పాయింట్ 410 బోర్ (28 గేజ్ కంటే సన్నం) అర ఔన్సుకి 800. పౌడర్ పౌండుకి 7000 గ్రెయిన్లు. షెల్‌కి 18 గ్రెయిన్లు పడుతుందనుకుంటే (ఇది లెక్క కోసం తీసుకున్న అంకె, రెసిపీ కాదు) 388 షెల్స్. ప్రైమర్లు వెయ్యి పెట్టె ధరని వెయ్యితో, వాడ్ల (పౌడర్‌కీ షాట్‌కీ మధ్య పెట్టే ప్లాస్టిక్ ముక్కలు) సంచి ధరని అందులో ఉన్న సంఖ్యతో భాగించండి. షాట్, పౌడర్, ప్రైమర్, వాడ్ ఈ నాలుగూ కూడితే ఒక షెల్ ఖర్చు. దాన్ని 25తో గుణించి ఫ్యాక్టరీ పెట్టె ధర పక్కన పెట్టి చూడండి. 12 గేజ్‌లో మామూలుగా ఈ నాలుగింటిలో పెద్ద వాటా సీసానిదే. అందుకే షాట్ ధర పెరిగిన రోజుల్లో 12 గేజ్ రీలోడర్లు డీలా పడిపోతారు.

12 గేజ్ టార్గెట్ షెల్ ఫ్యాక్టరీలో కుప్పలుతెప్పలుగా తయారవుతుంది. ఫ్యాక్టరీ సీసం టన్నుల లెక్కన కొంటుంది, మనం బస్తా లెక్కన కొంటాం. ఒక ఔన్సు 8 నంబరు లాంటి మామూలు లోడ్‌లో మిగిలేది చాలా తక్కువ, ఒక్కోసారి అదీ ఉండదు. 28 గేజ్, 410 విషయం అలా కాదు. సీసం తక్కువ పట్టినా ఆ షెల్స్ తక్కువ సంఖ్యలో తయారవుతాయి కాబట్టి ఫ్యాక్టరీ ధర 12 గేజ్ కంటే ఎక్కువే ఉంటుంది. ఇంట్లో చేస్తే 28 గేజ్ షెల్ ఖర్చు 12 గేజ్ కంటే తక్కువ. మీ ప్రశ్నకి సూటి జవాబు: 28 గేజ్ రీలోడ్ చేయండి, 12 గేజ్ మామూలు లోడ్ కొనుక్కోండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. షాపులో దొరకని లోడ్ కావాలంటే 12 గేజ్ కూడా చేయాల్సిందే. ఉదాహరణకి ⅞ ఔన్సు, నెమ్మదైన వేగం. ఎనిమిది పౌండ్ల తుపాకీలో, సెకనుకి 1200 అడుగుల వేగం దగ్గర, 1⅛ ఔన్సు నుంచి ⅞ ఔన్సుకి దిగితే రికాయిల్ (తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ) శక్తి సుమారు మూడో వంతు తగ్గుతుంది. భుజం నొప్పి ఉన్నవాళ్ళకీ, రోజుకి రెండొందలు కాల్చేవాళ్ళకీ అది చిన్న విషయం కాదు.

ప్రెస్ ధర ఈ లెక్కలో చివర కలపండి. షెల్‌కి ఎంత మిగులుతుందో తేలాక ప్రెస్ ధరని దానితో భాగిస్తే, ఎన్ని షెల్స్ తర్వాత అసలు రాబడుతుందో తెలిసిపోతుంది. 28 గేజ్‌లో ఆ అంకె చూసి సంతోషిస్తారు, 12 గేజ్‌లో చాలామంది కాగితం మడిచి పెట్టేస్తారు.

నల్ల_వాడ్

ప్రైమర్ ప్రశ్నకి జవాబు: వేయకూడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్తున్నాను.

209 అనేది కొలత పేరు, వేడి పేరు కాదు. అన్నీ ఒకే సందులో కూర్చుంటాయి, కానీ లోపల మంట బలం కంపెనీకో రకం. హల్, పౌడర్, వాడ్, షాట్ బరువు అన్నీ అవే ఉంచి ఒక్క ప్రైమర్ మార్చినా ప్రెషర్ వేల పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) తేడా రావచ్చు. 12 గేజ్ 2¾ అంగుళాల షెల్‌కి అమెరికా సామీ (తుపాకీ, తూటా తయారీదారుల సంస్థ) ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ సగటు ప్రెషర్ 11,500 పీఎస్ఐ. చాలా టార్గెట్ రెసిపీలు 8,000 నుంచి 10,500 మధ్య ఉంటాయి. 10,500 దగ్గరున్న రెసిపీలో మంట ఎక్కువున్న ప్రైమర్ పెడితే గీత దాటేశారన్నమాట. బయటికి ఏమీ తెలియదు. షాట్‌గన్ షెల్‌లో ప్రెషర్ ఎక్కువైందని రైఫిల్ తూటాలో కనబడినట్టు ప్రైమర్ చదునవడం చూసి పసిగట్టలేం. అసలు ప్రమాదం ఇదే.

రెసిపీ అంటే ఐదు పేర్ల గుత్తి: హల్, ప్రైమర్, పౌడర్ రకం ప్లస్ బరువు, వాడ్, షాట్ బరువు. ఐదూ చార్టులో ఒకే వరసలో ఉండాలి. హల్ ఒక వరస నుంచి, వాడ్ ఇంకో వరస నుంచి తీసుకుంటే అది మీరు సొంతంగా కనిపెట్టిన లోడ్ అవుతుంది, దాన్ని ప్రెషర్ బారెల్‌లో కొలిచినవాళ్ళు ఎవరూ లేరు. అందుకే చేయాల్సింది తలకిందులుగా: ముందు మీకు స్థిరంగా దొరికే ప్రైమర్, వాడ్ ఏవో చూసుకోండి, తర్వాత పౌడర్ కంపెనీ సొంత డేటాలో వాటితో ఉన్న వరస వెతకండి. ఒకే పౌడర్‌కి పదుల కొద్దీ వరసలుంటాయి, ఏదో ఒకటి దొరుకుతుంది. చార్టులో కనిష్ఠం, గరిష్ఠం అని రెండు ఉంటే ఆ రెండింటి మధ్యే ఉండండి. మరీ తగ్గించడం కూడా తప్పే. ఎందుకో తర్వాత చెప్తాను, ఇప్పుడు హల్స్ దగ్గరికి వస్తాను.

మీ రెండు సంచుల్లో హల్స్‌ని కంపెనీ వారీగా, రకం వారీగా విడదీయందే ప్రెస్ కొనొద్దు. ఎస్‌టీఎస్ లోపలి గోడ అడుక్కి వెళ్ళేకొద్దీ మందమవుతుంది, కాబట్టి లోపల చోటు తక్కువ. ఫియోచీ, చెడైట్ లాంటివి నిటారు గొట్టం, అడుగున విడిగా బేస్ వాడ్ (హల్ అడుగు దిమ్మ) ఉంటుంది, లోపల చోటు ఎక్కువ. ఒకదాని వాడ్ ఇంకోదానిలో సరిగా కూర్చోదు. ఎస్‌టీఎస్‌కి రాసిన వాడ్‌ని నిటారు హల్‌లో వేస్తే అడుగు అంచుల పక్కనుంచి గ్యాస్ జారిపోతుంది, పౌడర్ గింజలు వాడ్ పక్కనుంచి పైకి చేరతాయి. నిటారు హల్ వాడ్‌ని ఎస్‌టీఎస్‌లోకి తోస్తే అడుగు స్కర్ట్ మడత పడుతుంది. ఏఏ హల్స్‌లో ఇంకో చిక్కు: పాతవి ఒకే ముక్కగా పోతపోసినవి, తర్వాత వచ్చిన హెచ్ఎస్ రకంలో బేస్ వాడ్ విడి ముక్క. లోపలికి లైటు వేసి చూడండి. బేస్ వాడ్ కదులుతున్నా, పైకి లేచినా ఆ హల్ చెత్తబుట్టకే. అది బారెల్‌లోకి కొట్టుకుపోయి ఇరుక్కుంటే తర్వాతి షాట్‌కి బారెల్ ఉబ్బుతుంది.

ఇంకో విషయం. ఫియోచీ, చెడైట్ ప్రైమర్లు అమెరికన్ వాటికంటే కాస్త లావు. ఒకసారి వాటితో వచ్చిన హల్‌లో తర్వాత రెమింగ్టన్, వించెస్టర్ ప్రైమర్ పెడితే వదులుగా ఉంటుంది, వేలితో నొక్కితే జారిపోతుంది కూడా. అలాంటి హల్స్‌ని అదే ప్రైమర్‌తో, ఆ ప్రైమర్ ఉన్న రెసిపీతోనే నడిపించాలి. మొదటి ప్రెస్‌కి నా సలహా ఎస్‌టీఎస్ ఒక్కటే ఉంచుకోండి. మిగతావి ఎవరికైనా ఇచ్చేయండి. ఎన్నిసార్లు వాడొచ్చో అంకెతో లెక్కపెట్టకండి, మూతి చూసి తేల్చండి: మడతల దగ్గర చీలిక, బ్రాస్ (అడుగున ఉండే లోహపు తొడుగు) పైన ప్లాస్టిక్‌లో సూది రంధ్రం, కాలిన గోధుమరంగు మచ్చ, వీటిలో ఏది కనిపించినా ఆ హల్ పని అయిపోయినట్టే.

ఫ్యాక్టరీ పెట్టె మీద "2¾ డ్రామ్ ఈక్వివలెంట్" అని ఉంటుంది. అది లోపలున్న పౌడర్ బరువు కాదు. ఆ వేగం రావడానికి ఒకప్పుడు అంత నల్లమందు పట్టేదని అర్థం. డ్రామ్‌కి 27.34 గ్రెయిన్లు, అంటే 2¾ డ్రామ్‌లు 75 గ్రెయిన్లు. అంత బరువు ఇప్పటి స్మోక్‌లెస్ పౌడర్ వేస్తే తుపాకీ ముక్కలవుతుంది, చేతులు కూడా. పెట్టె మీది అంకె ఏదీ తూకం మీదికి తీసుకురాకండి.

స్కీట్_410

ప్రెస్ గురించి. మొదటిది ఒక్కో షెల్ చేసేదే తీసుకోండి. మెక్ కంపెనీ 600 జూనియర్, సైజ్‌మాస్టర్ రెండూ ఆ రకమే. తేడా ఏమిటంటే సైజ్‌మాస్టర్‌లో కాలెట్ ఉంటుంది, బ్రాస్‌ని చుట్టూ పట్టి పిండి అసలు కొలతకి తెస్తుంది. జూనియర్ హల్‌ని రింగులోంచి దించి సైజు చేస్తుంది. సెమీ ఆటో ఉంది కాబట్టి సైజ్‌మాస్టర్ వైపే నా ఓటు. మెక్ 9000 లాంటి ప్రోగ్రెసివ్‌లో హ్యాండిల్ ఒకసారి లాగితే ఒక షెల్ పూర్తవుతుంది. వేగం బాగానే ఉంటుంది, కానీ ఒకేసారి అరడజను స్టేషన్లలో ఏం జరుగుతోందో కన్నేసి ఉంచాలి. అది అలవాటయ్యే లోపు పౌడర్ లేని షెల్ ఒకటి పెట్టెలో కలిసిపోతుంది. సింగిల్ స్టేజ్‌లో (ఒక్కో షెల్ చేసేదానిలో) తొందర పడకపోతే గంటకి నాలుగు పెట్టెలు, అంటే వంద షెల్స్ అవుతాయి.

పని వరస ఇది. హల్‌ని సైజు చేసి పాత ప్రైమర్ బయటికి తోయడం, కొత్త ప్రైమర్ పెట్టడం, పౌడర్, వాడ్, షాట్, క్రింప్ (మూతి మడిచి మూయడం) మొదలుపెట్టడం, చివరి క్రింప్. ప్రైమర్ హల్ అడుగుతో సమంగా ఉండాలి. వేలి కొసతో రాస్తే గోరుకి తగలకూడదు. ఎత్తుగా ఉంటే యాక్షన్ (తుపాకీ తెరిచి మూసే భాగం) మూస్తుండగా పేలే ప్రమాదం ఉంది. లోతుగా ఉంటే ఫైరింగ్ పిన్ దెబ్బ సరిగా పడదు.

పౌడర్ మెక్‌లో ఛార్జ్ బార్‌లోని బుషింగ్‌తో (పౌడర్ కొలిచే రంధ్రమున్న ముక్కతో) పడుతుంది. బుషింగ్ చార్టులో "ఈ నంబరుకి ఇన్ని గ్రెయిన్లు" అని రాసి ఉంటుంది, దాన్ని నమ్మి మొదలుపెట్టొద్దు. చాలాసార్లు చార్టు కంటే తక్కువే పడుతుంది, అప్పుడప్పుడు ఎక్కువ పడుతుంది. పౌడర్ గింజలు బార్‌లో సర్దుకోవడం మీరు హ్యాండిల్ ఎంత గట్టిగా లాగుతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే తూకం వేసేటప్పుడు కూడా పూర్తి షెల్ చేస్తున్నట్టే అన్ని స్టేషన్లూ నడపండి. మొదటి అయిదారు ఛార్జులు (ఒక్కో షెల్‌కి పడే పౌడర్) తిరిగి సీసాలో పోసేయండి. తర్వాత పది ఛార్జులు ఒకే గిన్నెలోకి తీసి, మొత్తం తూచి పదితో భాగించండి. పదిలో రెండు మూడు విడిగా కూడా తూచండి. సగటు సరిగ్గా ఉన్నా ఒక్కోటి అర గ్రెయిన్ మించి అటూ ఇటూ ఊగుతుంటే హ్యాండిల్ లాగే లయ కుదరలేదన్నమాట. స్కేలు గ్రెయిన్లలో ఉందో గ్రాముల్లో ఉందో ప్రతిసారీ చూడండి, 18 గ్రెయిన్లు అంటే 1.17 గ్రాములు మాత్రమే. స్కేలుతో వచ్చిన చెక్ వెయిట్ పెట్టి చూసుకోవడం అరనిమిషం పని.

పూర్తయిన షెల్స్‌ని తూచి "పౌడర్ పడిందో లేదో" కనుక్కోవచ్చని అనుకుంటారు. అది నమ్మకమైన పద్ధతి కాదు. 1⅛ ఔన్సు షాట్ అంటే 492 గ్రెయిన్లు. షాట్ బార్ ఒక్కోసారి నాలుగైదు గుండ్లు ఎక్కువో తక్కువో వేస్తుంది, హల్ బరువు కూడా షెల్‌కీ షెల్‌కీ తేడా ఉంటుంది. ఈ తేడాల్లో అర ఛార్జు తక్కువైన సంగతి దాగిపోతుంది. వాడ్ పెట్టకముందే లోపలికి తొంగి చూడటమే దారి. బల్ల మీద లైటు నేరుగా హల్ మూతిలోకి పడేలా పెట్టుకోండి.

వాడ్ దిగేటప్పుడు చేతికి ఒక మాట చెప్తుంది. రోజూ దిగే లోతు కంటే ఎత్తులో ఆగిందంటే పౌడర్ రెండుసార్లు పడి ఉండొచ్చు, లోతుకి పోయిందంటే అసలు పడలేదేమో. రెండింటిలో ఏదైనా బలవంతంగా నొక్కకుండా ఆపి, అన్నీ ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెట్టండి. 28, 410లో ఇంకో ఇబ్బంది షాట్ గొట్టంలో అడ్డం పడటం. గొట్టం సన్నం కాబట్టి గుండ్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడిపోతాయి. ఒక షెల్‌లో సగమే పడి, మిగతా సగం తర్వాతి షెల్‌లో దభాలున పడి బల్లంతా చిందుతుంది. అలా చిందితే ముందు షెల్ కూడా తీసి చూడండి, అందులో షాట్ తక్కువ.

క్రింప్ గురించి నాలుగు మాటలు. హల్‌కి ఎన్ని మడతలున్నాయో అన్ని మడతల స్టార్టరే (క్రింప్ మొదలుపెట్టే భాగం) పెట్టాలి. ఎనిమిది మడతల హల్‌కి ఆరు మడతల స్టార్టర్ పెడితే మూతి నలిగి ముద్దవుతుంది. మంచి క్రింప్ అంచు కంటే సుమారు 1.5 మిల్లీమీటర్లు లోపలికి, చదునుగా ఉంటుంది. మధ్యలో బొక్క పడి 9 నంబరు షాట్ రాలుతుంటే స్టార్టర్‌ని కొద్దిగా కిందికి దించండి. మరీ దించితే మడతలు సుడి తిరుగుతాయి, అప్పుడు వెనక్కి రండి. ఒకసారికి పావు చుట్టు చాలు. క్రింప్ మధ్యలో గిన్నెలా కుంగిపోతుంటే తప్పు క్రింప్ స్టేషన్‌ది కాదు, లోపల పౌడర్, వాడ్, షాట్ కలిసిన ఎత్తు ఆ హల్‌కి చాలడం లేదన్నమాట. దానికి మందు డై మార్చడం కాదు, ఆ హల్‌లో నిండుగా కూర్చునే వాడ్ ఉన్న ఇంకో రెసిపీ తీసుకోవడం. మూతి కింద గోడ ఉబ్బి గుండ్రపు గట్టు కనిపిస్తే ఎత్తు ఎక్కువైంది లేదా చివరి క్రింప్ మరీ గట్టిగా దిగుతోంది. ఆ షెల్ ఛాంబర్‌లో (తుపాకీలో షెల్ కూర్చునే చోట) ఇరుక్కుంటుంది.

ట్రాప్_25

వివరంగా రాశారు, చాలా ఉపయోగం. రెండు సందేహాలు మిగిలాయి. షెల్ పేలినప్పుడు ఠపీమని కాకుండా బుస్సుమని నీరసంగా శబ్దం వస్తే దాన్ని ఎలా చూడాలి? ఫ్యాక్టరీ షెల్స్‌తో బాగా నడిచే సెమీ ఆటో రీలోడ్స్‌తో ఆగిపోతుందని విన్నాను, కారణం బ్రాస్ సైజేనా?

నల్ల_వాడ్

బుస్సుమంటే అక్కడికక్కడే ఆగిపోవాలి. తర్వాతి షెల్ పెట్టకూడదు. తుపాకీ మూతి సురక్షితమైన వైపు ఉంచి, యాక్షన్ తెరిచి, అన్‌లోడ్ చేసి, బారెల్‌లోంచి ఆ చివర వెలుతురు కనబడుతోందా చూడండి. చాలాసార్లు వాడ్ బారెల్ మధ్యలో నిలబడిపోయి ఉంటుంది. దాని వెనక ఇంకో షెల్ కాల్చడం వల్లే బారెళ్ళు చీలుతాయి. స్క్వాడ్‌లో మీ వంతు వచ్చేసిందనీ, అందరూ ఎదురుచూస్తున్నారనీ తొందరపడే చోటు ఇది కాదు. వాడ్ తోయడానికి ఒక చెక్క డోవెల్ (గుండ్రటి కర్ర) సంచిలో ఉంచుకోండి.

కారణాలు: పౌడర్ తక్కువ పడటం, పౌడర్ పడకపోవడం, వదులు క్రింప్, వాడ్ కూర్చోకపోవడం, చలి, తేమ. పైన నేను మరీ తగ్గించొద్దన్నది ఇందుకే. పౌడర్ సరిగా కాలాలంటే దాని మీద తగినంత ప్రెషర్ ఉండాలి. కనిష్ఠం కంటే తగ్గిస్తే సగం కాలిన గింజలు బారెల్‌లో మిగిలిపోతాయి, చలికాలంలో ఇంకా నీరసిస్తుంది.

షెల్ అసలు పేలకపోతే అది వేరే సంగతి. మూతి అలాగే సురక్షితమైన వైపు ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా అంటుకోవచ్చు. తర్వాతే తెరవండి.

శబ్దం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇదీ చెప్పాలి, మీ దగ్గర ఇప్పుడు రెండు గేజ్‌లు ఉండబోతున్నాయి. చిన్న గేజ్ షెల్ పెద్ద బోర్‌లోకి జారిపోతుంది. 20 గేజ్ షెల్ 12 గేజ్ ఛాంబర్ దాటి ముందుకెళ్ళి ఆగుతుంది, ఛాంబర్ ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది, దాని వెనక 12 గేజ్ షెల్ పట్టేస్తుంది. 20 గేజ్ హల్స్ పసుపు రంగులో ఉండటం ఈ కారణానికే. 28కి అలాంటి స్థిరమైన రంగు లేదు. జేబులో రెండు గేజ్‌లు ఎప్పుడూ కలపొద్దు, ఒక రోజు ఒకే గేజ్.

స్కీట్_410

సెమీ ఆటో ఆగడానికి బ్రాస్ సైజు ఒక కారణం, ఒక్కటే కాదు. కాల్చినప్పుడు బ్రాస్ ఆ తుపాకీ ఛాంబర్ కొలతకి ఉబ్బుతుంది. వేరే తుపాకీలో కాల్చిన హల్స్ ఏరుకుని తెస్తే ఆ ఛాంబర్ మీదానికంటే వెడల్పు కావచ్చు. ఓవర్ అండర్‌లో బొటనవేలితో నొక్కితే దిగిపోతుంది కాబట్టి తెలియదు. సెమీ ఆటోలో బోల్ట్ చివరిదాకా మూసుకోదు. చేసిన ప్రతి షెల్‌నీ సైజు చూసే గేజ్ రింగులో వేసి చూడండి. రింగు లేకపోతే సెమీ ఆటో బారెల్ ఊడదీసి ఛాంబర్‌లో ఒక్కోటి వదలండి. టక్కున దిగి, తలకిందులు చేస్తే దానంతట అదే జారి రావాలి.

రెండో కారణం లోడ్ బలం. ⅞ ఔన్సు నెమ్మది లోడ్ పేలుడు గ్యాస్‌తో నడిచే కొన్ని సెమీ ఆటోల యాక్షన్‌ని పూర్తిగా వెనక్కి తోయలేదు. ఖాళీ హల్ సగం బయటికొచ్చి ఇరుక్కుంటుంది. తక్కువ రికాయిల్ లోడ్ ఓవర్ అండర్‌కి, ఒక ఔన్సు ఫ్యాక్టరీ లోడ్ సెమీ ఆటోకి అని విడదీసుకుంటే గొడవ ఉండదు. పైగా సెమీ ఆటో హల్స్‌ని దూరంగా నేల మీదికి విసురుతుంది, ఇసుక అంటినవి తుడవకుండా సైజింగ్ డైలో పెడితే డై గీతలు పడుతుంది.

పేపర్_ప్యాటర్న్

మొదటి జవాబుతో ఒక చోట విభేదిస్తాను. 12 గేజ్ రీలోడ్‌లో డబ్బు మిగలదన్నది నిజమే, కానీ షాట్ నాణ్యత సంగతి వదిలేశారు. చవక ఫ్యాక్టరీ షెల్స్‌లో మెత్తని సీసం ఎక్కువ. సీసంలో యాంటిమొనీ కలిపితే గట్టిపడుతుంది. మామూలు చిల్డ్ షాట్‌లో 2 శాతం దరిదాపుల్లో, మంచి టార్గెట్ షాట్‌లో 5, 6 శాతం ఉంటుంది. మెత్తని గుండ్లు పేలుడు తోపుకి నలిగి గుండ్రం పోగొట్టుకుంటాయి, గాలిలో పక్కకి చెదురుతాయి. ఇంట్లో చేస్తే ఏ షాట్ పోస్తున్నారో మీకు తెలుసు. చవక పెట్టె బదులు ఖరీదైన ప్రీమియం పెట్టెతో పోల్చి లెక్క వేయండి, 12 గేజ్‌లో కూడా తేడా కనిపిస్తుంది.

నమ్మకం కుదరాలంటే కాగితం మీద కొట్టి చూడాలి. 40 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి ఒక షాట్ కొట్టండి. గుండ్లు ఎక్కువగా పడిన చోటు చుట్టూ 30 అంగుళాల వృత్తం గీసి, లోపలి రంధ్రాలు లెక్కపెట్టండి. 8 నంబరు ఒక ఔన్సులో సుమారు 410 గుండ్లు, 7½లో 350, 9లో 585. ఫుల్ చోక్ (చోక్ అంటే బారెల్ మూతి దగ్గర బిగింపు) అయితే 70 శాతం, మాడిఫైడ్ 60, ఇంప్రూవ్డ్ సిలిండర్ 50 శాతం దగ్గర రావాలి. ఒక్క కాగితంతో తీర్పు ఇవ్వకండి, అయిదైనా కొట్టి సగటు తీయండి. ఫ్యాక్టరీ షెల్‌తో అయిదు, మీ రీలోడ్‌తో అయిదు, అదే చోక్, అదే దూరం. వృత్తం లోపల అరచెయ్యి అంత ఖాళీలు ఎక్కడెక్కడ పడ్డాయో కూడా చూడండి. శాతం ఒకటే వచ్చినా ఖాళీలు తక్కువున్న లోడే మెరుగు.

పోటీలకి వెళ్తే ముందు నియమాలు చదవండి. ఒలింపిక్ ట్రాప్, స్కీట్‌లో షాట్ 24 గ్రాములకి మించకూడదు. మీ ఒక ఔన్సు 28.35 గ్రాములు, కాబట్టి పనికిరాదు. ⅞ ఔన్సు కూడా 24.8 గ్రాములు. కొన్ని పోటీల్లో రీలోడ్స్ అసలు రానివ్వరు. చాలా తుపాకీ కంపెనీలు రీలోడ్స్ వాడితే వారంటీ వర్తించదని మాన్యువల్‌లోనే రాస్తాయి, అది కూడా చూసుకోండి.

సీసం వద్దన్న రేంజ్ అయితే ఇంకా జాగ్రత్త. స్టీల్ షాట్‌ని సీసం రెసిపీలో పోయకూడదు. స్టీల్ నలగదు, సీసం కంటే తేలిక, చోటు ఎక్కువ తీసుకుంటుంది, బారెల్‌ని గీకకుండా మందపాటి ప్రత్యేక వాడ్ కావాలి. దానికి మొత్తం డేటానే వేరు. ఇంట్లో స్టీల్ మొదలుపెట్టే బదులు ఆ రేంజ్‌కి ఫ్యాక్టరీ స్టీల్ పెట్టెలు కొనుక్కోవడం తెలివైన పని.

గ్రెయిన్_స్కేల్

షాట్ నాణ్యత మాట ఒప్పుకుంటున్నాను. 16 గజాల ట్రాప్‌లో ఆ తేడా స్కోరులో కనబడటం కష్టం, 27 గజాల గీత నుంచి కొట్టేవాళ్ళకి కనబడుతుంది.

ఇంట్లో పెట్టుకోవడం గురించి ఎవరూ రాయలేదు. ప్రైమర్లు కంపెనీ ట్రేలోనే ఉండాలి. గాజు సీసాలో, డబ్బాలో గుమ్మరించి పెడితే ఒకటి పేలితే అన్నీ ఒకేసారి పేలతాయి. ట్రేలో వాటిని విడివిడిగా కూర్చోబెట్టింది అందుకే. పౌడర్ కూడా దాని సొంత డబ్బాలోనే, చల్లగా పొడిగా ఉండే చోట, ప్రైమర్లకి దూరంగా. పౌడర్‌ని ప్రెస్ హాపర్‌లో (పైనున్న సీసాలో) రాత్రంతా వదిలేయకండి. పగటి వెలుతురుకి పాడవడం ఒకటి, మర్నాటికి అందులో ఏ పౌడర్ ఉందో మరిచిపోవడం ఇంకోటి. బల్ల మీద ఎప్పుడూ ఒకే పౌడర్ డబ్బా. రెండు రకాలు కలిశాయన్న అనుమానం వస్తే, ఎంత ఖరీదైనదైనా పారేయడమే. రెడ్ డాట్‌లో ఎర్ర రేకులు, గ్రీన్ డాట్‌లో పచ్చ రేకులు గుర్తుకి కలిపి ఉంటాయి, అయినా రంగు చూసి పౌడర్ పేరు ఊహించొద్దు. డబ్బా తెరవగానే ఘాటైన యాసిడ్ వాసన, ఎర్రటి పొగ, తుప్పు పొడి లాంటిది కనిపిస్తే పౌడర్ చెడిపోయింది. దాన్ని ఇంట్లో ఉంచకండి.

షాట్ పోసేటప్పుడు, పాత ప్రైమర్ల ట్రే ఖాళీ చేసేటప్పుడు సీసం దుమ్ము చేతులకంటుతుంది. పాత ప్రైమర్ల బూడిద సీసపు గుండ్ల కంటే ప్రమాదం, ఎందుకంటే అది సన్నని పొడి, ఊపిరిలోకి పోతుంది. ఆ బల్ల దగ్గర తిండి, టీ, సిగరెట్ ఏవీ వద్దు. చీపురుతో ఊడవకండి, తడి గుడ్డతో తుడవండి. పిల్లలు తిరిగే గదిలో ఈ పని పెట్టుకోకండి.

మొదటి కొనుగోలు ఇలా చేయండి: 28 గేజ్ సైజ్‌మాస్టర్ ఒకటి, స్కేలు ఒకటి, వెయ్యి ప్రైమర్లు, ఒక పౌండు పౌడర్, అదే రెసిపీ వరసలో ఉన్న వాడ్లు, 9 నంబరు షాట్ ఒక బస్తా. మీ రెండు సంచుల్లో 28 హల్స్ ఉండవు కాబట్టి ఫ్యాక్టరీ 28 పెట్టెలు కొన్ని కొని కాల్చి, వాటి హల్స్ దాచుకోండి. మొదటి విడతలో ఒక పెట్టె, 25 మాత్రమే చేసి, రేంజ్‌లో మీ 28 గేజ్ తుపాకీలో ఒక్కొక్కటే పెట్టి కాల్చండి, ప్రతి షాట్ తర్వాత బారెల్‌లోంచి చూడండి. పెట్టె మీద తేదీ, రెసిపీ అయిదు పేర్లు, బుషింగ్ నంబరు, తూకంలో వచ్చిన సగటు రాయండి. తర్వాత ఏదైనా తేడా కొడితే ఆ విడత మొత్తం పక్కన పెట్టడానికి ఆ చీటీ ఒక్కటే ఆధారం.